పట్టుకునేది ప్లస్

"మీటరు బ్యాటరీ అయిపోవస్తోంది, వచ్చి మార్చుకెళ్ళు అన్నారు. వెళ్ళాను. నేను చేసిన పాపం అదొక్కటే సారూ."

ఓక్ మల్‌సూన్ ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. లేబరాఫీసు వాళ్ళతో అంది, కంపెనీ వకీలుతో అంది, పోయినవాడి భార్య కాళ్ళ దగ్గర కూలబడి అంది. ఎవరూ నమ్మలేదు. ఇన్‌స్పెక్టర్ గిల్ మాత్రం తిరగేసిన పెయింటు డబ్బా మీద ఆమెకెదురుగా కూర్చుని, అప్పుడే మొదటిసారి వింటున్నవాడిలా విన్నాడు.

గొజే దీవిలో ఓడలకి ట్యాంకులూ పైపులూ చేసిచ్చే కాంట్రాక్టు షెడ్డు అది. మల్‌సూన్ పని కాపలా. ట్యాంకులో మనిషి దిగి వెల్డింగు చేస్తున్నంతసేపూ మూత దగ్గరే కూర్చోవాలి. లోపలికి గాలి కొట్టే ఫ్యాను తిరుగుతోందా, ఆక్సిజన్ మీటరు ఎంత చూపిస్తోంది అని కనిపెట్టి ఉండాలి. మధ్యమధ్య లోపలి మనిషిని పేరు పెట్టి కేకేసి, పలికాడో లేదో చూసుకోవాలి. నిన్న మధ్యాహ్నం ఆమె లేచి వెళ్ళిన కాసేపట్లో బ్యోన్ సాంగ్‌దో అనే వెల్డరు ఆ ట్యాంకులోనే ప్రాణం వదిలాడు. ఒంటి మీద గాయం లేదు. ఆర్గాన్ వాయువు కమ్మేసి ఊపిరాడక పోయాడని పొద్దున్నే డాక్టర్లు తేల్చేశారు.

నాలుగింటికల్లా మల్‌సూన్‌ని అదుపులోకి తీసుకోమని పైనుంచి ఆర్డరు. బేడీలు ఎస్సై సొల్ జేబులో ఉన్నాయి. సొల్ ఉద్యోగంలో చేరి ఏడాది దాటలేదు. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా అవి తగిలి, ఆ పిల్ల చెయ్యి బయటికి తీసేసుకుంటోంది. గోడ మీద గడియారం రెండున్నర చూపిస్తోంది.

"పిలిచిందెవరు?" గిల్ అడిగాడు.

"వాకీటాకీలో సారూ. గొంతు పోల్చుకోలేకపోయాను. రేకుల మీద వాన దబదబా కొట్టేస్తోంది."

"పేరు పెట్టి పిలిచాడా?"

"పిన్నీ అన్నాడు. ఈ షెడ్డులో అందరూ పిన్నీ అనే అంటారు. పోయిన పిచ్చివాడు కూడా." ఆమె మెడలోని తువ్వాలు అందుకుని ముక్కు తుడుచుకుంది. "అందరూ భోజనాలకి పోయారు. వీడేమో అతుకు సగంలో ఆపితే పాడైపోద్ది పిన్నీ, అయ్యాకే తింటాను అన్నాడు. వాడి కోసం వేయించిన నెత్తళ్ళు డబ్బాలో అలాగే ఉన్నాయి."

"బ్యాటరీలు ఎక్కడుంటాయి?"

"సేఫ్టీ గదిలో. వెళ్తే తాళం వేసుంది. వస్తారులే అని చూరు కింద నిలబడ్డాను. పన్నెండుంపావుకి వెళ్ళినదాన్ని, ఒంటిగంట కావస్తుంటే భయమేసి వచ్చేశాను. ఫ్యాను ఆగిపోయి ఉంది. తొంగి చూస్తే వాడి బూట్లు కనపడ్డాయి. దూకబోయాను. బాంగ్ బాబు క్యాంటీన్ నుంచి వస్తూ చూసి వెనక్కి లాగేశాడు. వదలరా అని వాడి చెయ్యి కొరికాను కూడాను."

"లాగకపోతే నువ్వూ పోయేదానివి పిన్నీ."

"పోతే పోయేదాన్ని." 

 ఆమె కాసేపు తన రబ్బరు చెప్పుల వైపు చూసుకుంది. తర్వాత బాగా తగ్గిన గొంతుతో అంది: "వాడు సోమవారం లేబరాఫీసుకి వెళ్తానన్నాడు సారూ. చలికాలంలో ట్యాంకులో పెయింటు ఆవిరి అంటుకుని పెయింటరు కుర్రాడొకడు కాలిపోయాడు కదా, ఆ రోజు ఫ్యాను తిరగనే లేదని చెప్పేస్తాను పిన్నీ, నిద్ర పట్టట్లేదు అన్నాడు. తిరిగిందని సంతకాలు పెట్టినోళ్ళు ఇద్దరు. షెడ్డు మేస్త్రీ బాంగ్ ఒకడు. సేఫ్టీ ఆఫీసరు ప్యో సారు ఇంకొకరు."

రెండో పేరు వినగానే గిల్ తలెత్తి చూశాడు. ఆ పేరు రాకుండా ఉంటే బాగుండునని పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

"అయిందా కబుర్లు? ఎక్కడ లేని ఓపికరా బాబూ నీకు!"

ప్యో జొంగ్‌మన్ తెల్ల హెల్మెట్ నీళ్ళు విదిలిస్తూ లోపలికొచ్చాడు. బయట మబ్బు నల్లగా కమ్ముకుని మధ్యాహ్నమే లైట్లు వేసుకున్నారు, ఆయన మాత్రం చలవ కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు.

"కళ్ళకలక. దగ్గరికి రాకు, అంటుకుంటుంది," అన్నాడు గిల్ చూపు గమనించి. "మళ్ళీ నీ నేరస్థులందర్నీ చూడ్డానికి కళ్ళుండవు."

పాతికేళ్ళ కిందట ఇద్దరూ ఒకే యార్డులో ఒకే మేస్త్రీ చేతి కింద వెల్డింగు నేర్చుకున్నారు. ప్యో మూడేళ్ళు పెద్ద. గిల్ ఆరేళ్ళు రాడ్లు కాల్చి, పోలీసు పరీక్ష రాసి వెళ్ళిపోయాడు. ప్యో అక్కడే పాతుకుపోయి, వెల్డింగు మాస్కు తీసి ఆఫీసర్ల తెల్ల హెల్మెట్ పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ కలుసుకుంటే ఇప్పటికీ అన్నా, తమ్ముడూ అనే పిలుచుకుంటారు.

"నిన్న భోజనాల వేళ ఎక్కడున్నావన్నా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? నా గదిలోనే ఉన్నాను. ఈవిడా రాలేదు, ఈవిడ నీడా రాలేదు. ఎక్కడో కునుకు తీసుంటుంది. ఫ్యాను పడిపోయింది, గ్యాసు నిండింది, వాడు పోయాడు. నాకు మాత్రం బాధ లేదా? కానీ ట్యాంకు ఎల్లుండి ఓడెక్కాలి. నువ్వేమో పసుపు టేపు కట్టి కూర్చున్నావు."

"తాళం వేసుంది అంటోంది."

"అంటుంది. జైలుకి పోయేవాళ్ళు ఏదైనా అంటారు." ప్యో మల్‌సూన్ వైపు తిరగనన్నా తిరగలేదు. "నాలుగింటికి తీసుకెళ్ళకపోతే మీ పైవాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను. అప్పుడు నన్ననకు."

"చెయ్యి. ఈలోగా నేనొకసారి ట్యాంకు చూసొస్తాను."

స్టెయిన్‌లెస్ ట్యాంకు అడ్డంగా పడుకుని ఉంది. మనిషి దూరేంత గుండ్రటి వాకిలి, దానికి బిజాగరీల మీద బయటికి తెరుచుకునే మూత. మూతకి బిగించే బోల్టులు ఇంకా రాలేదు. గాలి కొట్టే గొట్టం వాకిలిలోంచి లోపలికి పోతోంది. వెల్డింగు వైర్లూ, గ్యాసు పైపులూ మాత్రం పక్కనున్న చిన్న కన్నంలోంచి దూర్చారు. పక్కనే స్టాండు మీద మిషను. రాడ్డు కరిగించి అతికే రాడ్డు వెల్డింగూ, ఆర్గాన్ ఊదుతూ సన్నటి ముల్లుతో అతికే టిగ్ వెల్డింగూ రెండూ చేసే రకం. వాడని రాడ్డు హోల్డరు దాని వైరుతో సహా చుట్ట చుట్టి మిషను చెవికి తగిలించి ఉంది. నిన్న బాంగ్ మెయిన్ స్విచ్ కట్టేశాక ఆ మిషనుని ఎవరూ ముట్టుకోలేదు. రాత్రంతా కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు.

గిల్ మిషను ముందు వంగి చూశాడు. రెండు సాకెట్లు. టిగ్‌కి చేత్తో పట్టుకునే వెల్డింగు టార్చి వైరు ప్లస్‌లో ఉంది. ట్యాంకుకి కట్టిన ఎర్త్ క్లాంపు వైరు మైనస్‌లో ఉంది. అంతా సరిగ్గానే ఉందనుకుని ముందుకి నడిచాడు.

ఫ్యాను వేయించాడు. మీటరుకి తాడు కట్టి ట్యాంకు అడుగుదాకా దించాడు. ఆర్గాన్ గాలికన్నా బరువు, వాసనుండదు, రంగుండదు. బావిలో నీళ్ళలా అడుగున పడుంటుంది. మీటరు ఒప్పుకున్నాక కూడా పావుగంట ఆగాడు.

"ఇంత నీలుగుడు ఎందుకు? పెళ్ళికూతురు మెట్టినింటికి పోతున్నట్టు!" ప్యో దూరంగా నిలబడి నవ్వాడు.

"నువ్వు చెప్పాల్సిన మాటలు నేను పాటిస్తున్నానన్నా, నువ్వే నవ్వితే ఎలా?" గిల్ సొల్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు ఈ వాకిలి దగ్గర్నుంచి కదలకు. దేవుడొచ్చి పిలిచినా సరే. నేను పలక్కపోతే దూకకు, మనుషుల్ని పిలువు."

"సరే సార్."

లోపల టార్చిలైటు వెలుగులో సాంగ్‌దో ఆఖరి అతుకు కనిపించింది. వెండిలా మెరుస్తూ, అంచుల్లో లేత బంగారు రంగు. నాణేలు ఒకదాని మీద ఒకటి జరిపి పేర్చినట్టు అలలు అలలుగా ఉంది. మంచి చెయ్యి. గ్యాసు సరిగ్గా అందితేనే ఆ రంగొస్తుంది, లేకపోతే మసిబారిపోతుంది. ఆ అతుకు మధ్యలో ఉన్నట్టుండి తెగిపోయింది. చివర చిన్న గుంట పడి ఉంది. టిగ్ వెల్డరు అతుకు ఆపేటప్పుడు కరెంటు మెల్లగా తగ్గించి ఆ గుంట పూడుస్తాడు. ఇతను ఆపలేదు. ఎవరో ఆపేశారు.

గిల్ వెల్డింగు టార్చి చేతిలోకి తీసుకున్నాడు. మూతిలోని టంగ్‌స్టన్ ముల్లు చెక్కిన పెన్సిల్ మొనలా వాడిగా ఉంది. 

అది చూసి గిల్ అక్కడే ఉండిపోయాడు. బయట సొల్ పేరు పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచింది. 

"ఉన్నాను, ఉన్నాను!" అని అరిచి, తప్పు తనకి ఇంతసేపు ఎందుకు కనపడలేదా అని తన చేతి వంకే చూసుకున్నాడు. టార్చి ప్లస్‌లో ఉండగా టిగ్ ఆర్క్ వెలిగిస్తే వేడంతా ముల్లు మీదే పడుతుంది. క్షణాల్లో కరిగి గోళీకాయలా ముద్ద కట్టుకుపోతుంది. ఈ ముల్లు వాడిగా ఉందంటే సాంగ్‌దో పని చేసినంతసేపూ టార్చి మైనస్‌లోనే ఉంది. ఆ తర్వాత ఎవరో వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టారు. పెట్టేటప్పుడు తారుమారు చేశారు. ఆ తారుమారే గిల్ కళ్ళకి సరైనదిగా కనిపించింది.

ఎందుకు కనిపించిందో కూడా అతనికి తెలుసు. తనకి పని నేర్పిన జు మేస్త్రీ. చేతిలో ఎప్పుడూ ఒక అరిగిపోయిన రాడ్డు ముక్క. దాంతో కుర్రాళ్ళ హెల్మెట్ల మీద ఠంగుమని కొట్టి అడిగేవాడు. పట్టుకునేది? ప్లస్! కట్టేది? మైనస్! చేత్తో పట్టుకునే హోల్డరు ప్లస్‌కి, ఇనుముకి కట్టే క్లాంపు మైనస్‌కి. రాడ్డు వెల్డింగుకి అదే దారి. టిగ్‌కి సరిగ్గా తిరగబడుతుంది. కానీ ఆ రోజుల్లో ఆ యార్డులో టిగ్ మొహం చూసినవాడు లేడు. నిద్రలో లేపి అడిగినా గిల్ చెయ్యి ఇప్పటికీ ప్లస్ వైపే పోతుంది.

అతను వాకిలి దగ్గరికి పాకి, చెయ్యి చాచి తెరిచున్న మూతని కొద్దిగా ముందుకి లాగాడు. మూత లోపలి వైపు నెలవంకల్లాంటి నొక్కులు. ఒకటి కాదు, పది కాదు. కింద స్పానరు పడి ఉంది. గిల్ ఆ నొక్కుల మీద వేలు పెట్టి, వెంటనే తీసేశాడు. పైన ఉన్నవి లోతుగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ తేలిపోయాయి. ఆఖరివి గీతలు, అంతే. మోకాళ్ళ మీదికి జారిపోతూ కూడా సాంగ్‌దో కొడుతూనే ఉన్నాడు. వానలో, మనుషుల్లేని షెడ్డులో.

 అతను బయటికొచ్చి మూత అంచు మీద టార్చిలైటు వేశాడు.

"సార్, ఏమైంది?" సొల్ అడిగింది.

"మూత దగ్గరికి వెయ్యి. అంచు చూడు. ఏం కనబడుతోంది?"

సొల్ కళ్ళు చిట్లించి చూసింది. "తుప్పు సార్. అక్కడక్కడా. మూడు చోట్ల."

"స్టెయిన్‌లెస్‌కి తుప్పా?"

"పట్టకూడదు కదా సార్."

"దీనికి పట్టదు. మామూలు ఇనుప రాడ్డుతో దీని మీద చుక్క వెల్డింగు వేసి, ఆనక గ్రైండరు పెట్టి అరగదీస్తే, మిగిలిపోయిన ఆ ఇనప్పొడికి పడుతుంది. ఈ వానల్లో ఒక్క రాత్రి చాలు." అతను వంగి, వాకిలి కింద గచ్చు పగుల్లోంచి గోరంత నల్లటి పెంకు పైకి తీశాడు. గాజులా మెరుస్తోంది. "ఇదేంటో తెలుసా? చిట్టెం. రాడ్డు కాలితేనే వస్తుంది. టిగ్‌కి చిట్టెం ఉండదు. సాంగ్‌దో ఇక్కడ పని మొదలెట్టేముందు స్టెయిన్‌లెస్‌కి మచ్చ పడకూడదని ఈ జాగా అంతా కడిగించాడట."

సొల్ మూత మీంచి చెయ్యి తీసేసింది. "అంటే అతను లోపలుండగా మూత..."

"వెల్డింగు చేశారు. బోల్టులు లేవు కదా. టార్చి వైరు పీకేసి, అదే మిషనుకి హోల్డరు తగిలించి మూడు చుక్కలు వేశారు. ఫ్యాను కట్టేసి, ఆర్గాన్ పూర్తిగా తిప్పి వదిలారు. చప్పుడు ఆగాక చుక్కలు అరగదీసి, మూత తెరిచి, గాలి గొట్టం ఎప్పట్లా లోపలికి దూర్చి, హోల్డరు పీకి, టార్చి మళ్ళీ పెట్టారు."

"ఎవరు సార్?"

 గిల్ చిట్టెం పెంకుని కవర్లో వేసి జేబులో పెట్టుకున్నాడు. "పక్క వరసలో ఇలాంటిదే ఇంకో మిషనుంది. వైర్లన్నీ ఊడదీయించు. బాంగ్‌ని పిలువు. ప్యో అన్నని కూడా రమ్మను, నాలుగింటి సంగతి మాట్లాడాలంటున్నానని చెప్పు. పిన్నిని నీతోపాటు తీసుకురా."

బాంగ్‌కి నలభై నిండలేదు. కుడిచేతి మణికట్టు మీద మల్‌సూన్ పళ్ళ గాట్లు ఇంకా నీలంగా ఉన్నాయి. సంతకం సంగతి గిల్ అడగ్గానే తల దించేశాడు.

"పెట్టాను సార్. ఫ్యాను తిరగలేదని తెలిసే పెట్టాను. పెట్టమన్నారు. నాకు ఇద్దరు పిల్లలు."

"నిన్న క్యాంటీన్లో ఎంతసేపున్నావు?"

"ముందు కాసేపు బయట సిగరెట్టు కాల్చాను. ఎవరూ చూడలేదు." బాంగ్ తల అడ్డంగా ఊపాడు. "నేను కాదు సార్. సాంగ్‌దోకి టిగ్ నేర్పింది నేనే."

"నువ్వని నేననలేదే. ఆ మిషను టిగ్‌కి సిద్ధం చెయ్యి. రోజూ చేసినట్టే చెయ్యి. చేస్తూ నాకు చెప్పు."

బాంగ్ తడి చేతి తొడుగులు తీసేసి, పొడి జత వేసుకున్నాడు. "ముందు ఇది సార్. తడి తొడుగులతో ముట్టుకోకూడదు." మెయిన్ స్విచ్ కట్టేసి ఉందో లేదో చూశాడు. వైర్ల తొడుగు ఎక్కడైనా చిట్లిందేమోనని అరచేత్తో తడుముతూ పోయాడు. ఇనుప బల్ల మీద పెయింటు గీకి, మెరిసే చోట క్లాంపు కరిపించాడు. సిలిండరుకి గొలుసు వేసుందో లేదో చూసి, మొహం పక్కకి పెట్టి వాల్వు కొద్దిగా తిప్పాడు. ముల్లు మొన నిలువుగా అరగదీసి టార్చిలో బిగించాడు. ఆఖరున వైర్లు అందుకుని, మిషను వైపు చూడకుండానే, టార్చిని మైనస్‌లోకి, క్లాంపుని ప్లస్‌లోకి తోసి పావు చుట్టు తిప్పాడు.

"మాస్కు?" గిల్ అడిగాడు.

"అది లేకుండా ఎలా సార్?" బాంగ్ తెల్లబోయాడు. "కళ్ళు పోవూ!"

గిల్ ఊపిరి వదిలాడు. సగం నిశ్చింత, సగం దుఃఖం. ఇద్దరిలో ఒకడు కాదని తేలిపోయింది. మిగిలినవాడు అప్పుడే గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేం సర్కసు?" అన్నాడు ప్యో.

"నిన్న ఆ మిషను వైర్లు ఎవరో మార్చారన్నా. కాపలా పిన్నికి ఆ పని రాదు. అందుకని తెలిసినవాళ్ళ చేతులు చూస్తున్నాను."

"వైర్లు పెట్టడానికి తెలిసేదేముందిరా! రెండు కన్నాలు, రెండు వైర్లు. చంటిపిల్లాడైనా పెడతాడు."

"నీకలా అనిపిస్తుందిలే. తెల్ల హెల్మెట్ పెట్టి పదేళ్ళయింది. ఇప్పుడు నీ చేతికిస్తే నువ్వూ తడుముకుంటావు."

ఆ మాట సూటిగా పోయి తగిలింది. గిల్‌కి తెలుసు, తగులుతుందని. జు మేస్త్రీ శిష్యుల్లో తనంతటి చెయ్యి లేదని ప్యోకి ఇప్పటికీ గర్వం. తాగినప్పుడల్లా ఆ కబుర్లే చెబుతాడు.

"నేనా? తడుముకోవడమా?" ప్యో బాంగ్‌ని భుజంతో పక్కకి నెట్టి, పెట్టిన వైర్లు రెండూ పీకి పారేశాడు. "నువ్వు పుస్తకాలు పట్టుకుని పోలీసు పరీక్షకి పారిపోయావు. నేను మిగిలాను. చలికాలంలో ఓడ అడుగున వెల్లకిలా పడుకుని, మెడలో నిప్పులు పడుతుంటే రాడ్లు కాల్చింది నేను. ఈ చేతులతో అతికిన ఓడలు ఇవాళ్టికీ సముద్రాల మీద తిరుగుతున్నాయి. నాకు చెప్తావా, వైర్ల సంగతి?"

మాట్లాడుతూనే ఉన్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. క్లాంపు వైరు మైనస్‌లోకి పోయింది. టార్చి వైరు ప్లస్‌లోకి పోయి, పావు చుట్టు తిరిగి, టక్కుమని బిగుసుకుంది. ప్యో చేతులు దులుపుకున్నాడు.

బాంగ్ ఆ సాకెట్ల వైపే చూస్తున్నాడు. 

"సార్," బాంగ్ మెల్లగా అన్నాడు. "టార్చి ప్లస్‌లో పెట్టారు."

"అవును, ప్లస్‌లోనే!" ప్యో అతన్ని వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత గిల్ వైపు తిరిగాడు, తనవాడు కదా, తన పక్కన మాట్లాడతాడని. "పట్టుకునేది ప్లస్, కట్టేది మైనస్. ఈ కాలపు కుర్రాళ్ళకి ఎవరూ నేర్పట్లేదా ఏంట్రా?"

 గిల్‌కి జు మేస్త్రీ రాడ్డు ముక్క తన హెల్మెట్ మీదే పడ్డట్టయింది.

"టిగ్‌కి తిరగబడుతుందన్నా," అన్నాడు గిల్. "టార్చి మైనస్. ట్యాంకు దగ్గరి మిషను చూసినప్పుడు నాకూ మొదట తప్పు తెలియలేదు. నాకూ ఆయనే నేర్పాడు కదా. ఈ షెడ్డులో అందరూ టిగ్ నేర్చుకున్నవాళ్ళే. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇక్కడ మనిద్దరమే. నిన్న మధ్యాహ్నం నేను స్టేషన్లో ఉన్నాను."

"మైనస్సా?" అన్నాడు ప్యో.

నిజంగానే అడిగాడు. తెలియని విషయం తెలుసుకుంటున్న మనిషి గొంతు అది. ఆ ఒక్క క్షణం అతను హంతకుడు కాదు, పని తప్పు చేసిన వెల్డరు. తర్వాత చుట్టూ ఉన్న మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. చూసి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"బాగుందిరా! చెయ్యి అలవాటు చూపించి ఉరెయ్యిస్తావా? కోర్టులో నవ్వుతారు."

"నవ్వుతారు. మూత మీద మూడు తుప్పు మచ్చలున్నాయి. ఇదిగో చిట్టెం. వాటికీ నవ్వుతారేమో." గిల్ దగ్గరికి నడిచాడు. "కళ్ళజోడు తియ్యన్నా."

"అంటుకుంటుందని చెప్పాను."

"అంటుకోదు. తియ్యి."

ప్యో కదల్లేదు. గిల్ చెయ్యి చాచి తనే తీశాడు, చిన్నపిల్లవాడి కళ్ళలో నలక తీసేవాడంత జాగ్రత్తగా. కళ్ళు ఎర్రగా వాచి, తెరవడమే కష్టంగా ఉన్నాయి. లైటు తగలగానే నీళ్ళు ధారగా కారాయి. ముక్కు మీదా, బుగ్గల మీదా చర్మం కమిలిపోయి ఉంది. గొజేలో వారం నుంచీ సూర్యుడు కనపడలేదు.

"కళ్ళకలకకి మొహం కమలదన్నా, వెల్డింగు వెలుగుకి కమిలిపోతుంది. బ్యాటరీ వంకతో నువ్వే పంపేసిన పిన్ని తిరిగొచ్చేలోగా అయిపోవాలన్న తొందరలో మాస్కు వెతుక్కోలేదు నువ్వు. కళ్ళు మూసుకునే వేద్దామనుకున్నావు, మూడు చుక్కలే కదాని. రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండుంటుంది."

ప్యో తల పక్కకి తిప్పుకున్నాడు.  "సోమవారం పోవద్దురా, మాట్లాడుకుందాం అన్నాను. వినలేదు. నేను జైలుకి పోతే..." అక్కడితో ఆగిపోయాడు. సొల్ అప్పటికే పక్కకి వచ్చి నిలబడింది. పొద్దుట్నుంచి జేబులో మోస్తున్న బేడీలు ఈసారి తడుముకోకుండా బయటికి తీసింది.

మల్‌సూన్ గోడకి ఆనుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. తన మీద పడ్డ నింద తొలిగిందన్న సంగతి ఆమెకింకా ఎక్కినట్టు లేదు. నెమ్మదిగా నడిచొచ్చి, ప్యో మొహంలోకి మొహం పెట్టి చూసింది. అతని బుగ్గల మీంచి నీళ్ళు కారి గడ్డం కింద చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

"ఏడుస్తున్నాడా సారూ?" అని అడిగింది. ఎలాగైనా అవునంటారేమో అన్న ఆశ ఆమె గొంతులో వినిపించింది.

గిల్ కళ్ళజోడు మడిచి ప్యో చొక్కా జేబులో పెట్టాడు.

"లేదు పిన్నీ," అన్నాడు. "మాస్కు లేకుండా వెల్డింగు చేశాడు."